జిబ్ తాడు ఎక్కణ్ణుంచి లాగాలి?



జూలై నెల వచ్చిందంటే హుస్సేన్ సాగర్ మీద తెల్లటి తెరచాపలు కనిపిస్తాయి. ట్యాంక్ బండ్ మీద బస్సులో వెళ్ళేవాళ్ళు కూడా ఒక్కసారి తల తిప్పి చూస్తారు. వానాకాలపు పడమటి గాలి అప్పుడు నెక్లెస్ రోడ్డు వైపు నుంచి చెరువు మీదికి దిగుతుంది. హైదరాబాద్ సెయిలింగ్ వీక్ లాంటి పోటీలు ఆ నెలలోనే పెట్టేది ఆ గాలి కోసమే.

ఆ పడవల్లో చాలావాటికి ఒక్కటే తెరచాప. పిల్లలు నడిపే ఆప్టిమిస్ట్‌కు ఒకటే. లేజర్‌కూ ఒకటే. కానీ ఇద్దరు కూర్చుని నడిపే పడవలు కొన్ని ఉన్నాయి. 420 అంటారు, 470 అంటారు. వీటికి నిలువు స్తంభం, అంటే మాస్టు వెనక పెద్ద తెరచాప ఉంటుంది. అది మెయిన్. మాస్టుకు ముందు చిన్నది ఇంకొకటి ఉంటుంది. అది జిబ్. చుక్కాని పట్టుకునే మనిషి ఒకరు. జిబ్ తాడు పట్టుకునే మనిషి మరొకరు. ఈ రెండో మనిషిని క్రూ అంటారు. ఇవాళ నేను మాట్లాడేది ఎక్కువగా ఈ రెండో మనిషితోనే.

ఈ రెండో మనిషి పనిని తక్కువగా చూసేవాళ్ళున్నారు. కానీ 1982 ఆసియా క్రీడల్లో ఫైర్‌బాల్ అనే ఇద్దరు నడిపే పడవల తరగతిలో మన దేశానికి స్వర్ణం వచ్చింది. ఆ పతకం ఫరూఖ్ తారాపూర్, జరీర్ కరంజియా ఇద్దరిదీ. రెండు తెరచాపల పడవలో గెలుపు ఎప్పుడూ ఇద్దరిదే.

ఇక అసలు సంగతి. జిబ్ తాడును ఎంత లాగారన్నది ఒకటి. ఎక్కణ్ణుంచి లాగారన్నది మరొకటి. మొదటిది అందరికీ తెలుసు. పడవ నెమ్మదించిందంటే తాడు ఇంకాస్త బిగిస్తారు. లేదా కాస్త వదులుతారు. రెండోదాని జోలికి చాలామంది పోరు. పడవ కొన్నప్పుడు ఆ తాడు వచ్చే గిలక ఎక్కడ బిగించి ఉందో, పదేళ్ళ తర్వాతా అక్కడే ఉంటుంది.

ఇది అర్థం కావడానికి మీ ఇంటి కిటికీ రెక్కను తలుచుకోండి. బయటికి తెరుచుకునే చెక్క రెక్క. ఒక అంచు మడతబందులకు బిగించి ఉంటుంది. అది కదలదు. రెండో అంచు కదులుతుంది. దాన్ని మనం కొక్కెంతో ఆపుతాం. జానెడు తెరిచి కొక్కెం పెడితే గాలి ఒక తీరుగా మళ్ళుతుంది. మూరెడు తెరిచి పెడితే ఇంకో తీరుగా మళ్ళుతుంది. అవునా?

ఇప్పుడు జిబ్ చూడండి. దాని ముందు అంచు పడవ ముక్కు నుంచి మాస్టు పైకి పోయే తీగకు బిగించి ఉంటుంది. అదే మన మడతబందు అంచు. వెనక మూల స్వేచ్ఛగా ఉంటుంది. అదే రెక్క కొస. ఆ మూలకు కట్టిన తాడును షీట్ అంటారు. ఆ తాడు పడవ పక్కన ఉన్న ఒక గిలకలోంచి మన చేతికి వస్తుంది. ఆ గిలకే మన కొక్కెం. ముక్కు నుంచి వెనక్కి, పడవ సరిగ్గా నడిమధ్యగా ఒక గీత గీశామనుకోండి. అది గోడ. గోడ నుంచి రెక్క ఎన్ని డిగ్రీలు తెరుచుకుంది? అదే జిబ్ షీటింగ్ కోణం.

గిలక నడిమి గీతకు దగ్గరగా ఉంటే కోణం చిన్నది. దూరంగా ఉంటే కోణం పెద్దది. ఇంతే.

అయితే ఒక తేడా ఉంది. కిటికీ రెక్క చెక్కది. తెరచాప గుడ్డది. తాడు గట్టిగా లాగితే రెక్క మూసుకున్నట్టు తెరచాప మొత్తం లోపలికి రాదు. గుడ్డ సాగి చదునవుతుంది. దాని వెనక అంచు పైదాకా బిగుసుకుంటుంది. గాలి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. అంటే తాడు బిగింపు చేసే పని వేరు. గిలక చోటు చేసే పని వేరు. మళ్ళీ చెబుతున్నాను. ఎంత లాగామన్నది ఒకటి. ఎక్కణ్ణుంచి లాగామన్నది మరొకటి. రెండోదానితో సరిచెయ్యాల్సిన తప్పును మొదటిదానితో సరిచెయ్యబోతే పడవ ఇంకా నెమ్మదిస్తుంది.

మరి ఈ కోణం అంత పని చేస్తుందా? చేస్తుంది. పడవ ఎదురుగాలికి సూటిగా పోలేదు. గాలి వచ్చే దిక్కుకు ఏటవాలుగా, దాదాపు 45 డిగ్రీల్లో పోతుంది. కాసేపు ఇటు, కాసేపు అటు వంకర్లు కొడుతూ గాలివైపు ఎక్కుతుంది. ఇలా వెళ్ళేటప్పుడు తెరచాప లాగే బలంలో ఎక్కువ భాగం పక్కకే ఉంటుంది. ముందుకు లాగేది కొంచెమే. పక్కకు తోసే బలాన్ని నీటిలోకి దించిన సెంటర్‌బోర్డు ఆపుతుంది. ముందుకు లాగే ఆ కొంచెమే మనకు దక్కే వేగం.

తెరచాప బలం ఉజ్జాయింపుగా దాని ముఖానికి అడ్డంగా, అంటే లంబంగా ఉంటుంది. కోణం 8 డిగ్రీలు ఉందనుకోండి. బలం మొత్తం వంద పాళ్ళయితే, ముందుకు దక్కేది సుమారు 14 పాళ్ళు. కోణం 10 డిగ్రీలు చేస్తే 17 పాళ్ళు. 12 చేస్తే దాదాపు 21. ఇది మోటు లెక్క. గుడ్డ వంపు, గాలి ఒరిపిడి ఇందులో కలపలేదు. అయినా సంగతి అర్థమవుతుంది. రెండు డిగ్రీలు కంటికి ఆనవు. కానీ ముందుకు లాగే భాగమే కొంచెం కాబట్టి, ఆ కొంచెంలో రెండు డిగ్రీలంటే పెద్ద తేడానే.

అలాగైతే కోణం బాగా పెంచేస్తే సరిపోతుంది కదా అంటారు మీరు. సరిపోదు. కోణం పెరిగిన కొద్దీ పడవ ముక్కును గాలివైపు అంత దగ్గరగా తిప్పలేం. తిప్పితే జిబ్ ముందు అంచు కొట్టుకుంటుంది. గాలి నిలవదు. అంటే బయటికి జరిపితే వేగం. లోపలికి జరిపితే ఎత్తు. ఎత్తు అంటే గాలివైపు ఎంత దగ్గరగా పోగలమన్నది. ఈ రెండింటి మధ్య బేరమే ఈ కోణమంతా.

ఆ బేరం లెక్క ఒకటి చెబుతాను. పడవ గాలికి 45 డిగ్రీల్లో 5 నాట్ల వేగంతో పోతోంది. గాలి వచ్చే దిక్కుగా మనకు దక్కేది సుమారు మూడున్నర నాట్లు. ఇప్పుడు ముక్కును ఇంకో 5 డిగ్రీలు గాలివైపు తిప్పి, 40 డిగ్రీల్లో పోయామనుకుందాం. అదే మూడున్నర దక్కాలంటే 4.6 నాట్ల వేగం చాలు. వేగం 4.8 ఉంటే మనకు లాభం. 4.4కు పడిపోతే నష్టం. లెక్క సులువుగా ఉండాలని 5 డిగ్రీలు తీసుకున్నాను. నిజానికి గిలక జరిపితే వచ్చే తేడా ఇంతకన్నా తక్కువే. పోటీల్లో కొత్తగా దిగినవాళ్ళు ముక్కు గాలివైపు ఉండటం చూసి మురిసిపోతారు. పక్క పడవ కిందుగా పోతున్నా ముందుకు పోతోందని గమనించరు. నన్నడిగితే, అనుమానం ఉన్నప్పుడు వేగం వైపే మొగ్గండి. వేగం ఉంటే ఎత్తు తర్వాత వస్తుంది. సెంటర్‌బోర్డు పనిచేసేదే వేగం మీద.

సరే. ఏ గాలికి ఏ కోణం? మామూలుగా ఈ కోణం 7 నుంచి 12 డిగ్రీల మధ్య ఉంటుంది. పోటీల కోసం కట్టిన, అడుగున బరువైన కీల్ ఉన్న పెద్ద పడవల్లో 7, 8 దాకా తెస్తారు. మన చిన్న పడవలకు 10 దగ్గర మొదలుపెట్టడం మంచిది. అక్కణ్ణుంచి గాలిని బట్టి, నీటిని బట్టి ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ.

గాలి బాగా పలచగా ఉంది. మూడు నాలుగు నాట్లు. అప్పుడు చాలామంది చేసేది గిలకను లోపలికి తేవడం. గాలి తక్కువ కదా, ప్రతి చుక్కా పట్టుకుందామని. అది పొరపాటు. పలచని గాలికి గుడ్డను అంటుకుని వంపు తిరిగే ఓపిక ఉండదు. ఇరుకు చేస్తే గుడ్డను వదిలేసి చెదిరిపోతుంది. పడవ ఆగిపోతుంది. అందుకే పలచని గాలిలో గిలక కొంచెం బయటికి. తాడు కొంచెం వదులు.

గాలి మధ్యస్తంగా ఉంది. ఎనిమిది నుంచి పన్నెండు నాట్లు. నీరు చదునుగా ఉంది. పడవ నిటారుగా, చక్కగా నడుస్తోంది. ఇప్పుడు లోపలికి తెండి. ఇదే లోపలికి తేవాల్సిన సమయం. ఎత్తు దక్కుతుంది, వేగమూ పోదు. హుస్సేన్ సాగర్ లాంటి చెరువులో మంచి రోజున దొరికే గాలి ఇదే.

గాలి బలంగా ఉంది. పదిహేను నాట్లు దాటింది. ఇద్దరూ అంచు మీద వెనక్కి వాలినా పడవ ఒరిగిపోతోంది. అప్పుడు బయటికి. బలం ఎక్కువైంది కాబట్టి పక్కకు తోసేది తగ్గించాలి. ముందుకు లాగేది మిగుల్చుకోవాలి. గుర్తుపెట్టుకోండి. పలచని గాలికి బయటికి. మధ్య గాలికి లోపలికి. బలమైన గాలికి మళ్ళీ బయటికి.

అయితే గాలొక్కటే చూస్తే చాలదు. నీటిని కూడా చూడాలి. విశాఖ తీరంలో, సముద్రం మీద అదే పది నాట్ల గాలిలో వెళ్ళండి. అల వచ్చి ముక్కును కొడుతుంది. పడవ ఆగుతుంది. మళ్ళీ పుంజుకోవాలి. ప్రతి అలకూ పడవ ముక్కు కాస్త అటూ ఇటూ ఊగుతుంది. సన్నటి కోణం పెట్టుకుంటే ఆ ఊగులాటలో తెరచాప సగం సేపు తప్పు కోణంలో ఉంటుంది. అక్కడ ఒకటి రెండు డిగ్రీలు బయటికి జరిపితే పడవకు తప్పు చేసే వీలు దొరుకుతుంది. చుక్కాని పట్టినవాళ్ళకు చెయ్యి తేలికవుతుంది. చెరువు మీద పనికొచ్చిన కోణం సముద్రం మీద పనికిరాకపోవడానికి కారణం ఇదే.

ఇంకో ప్రశ్న వస్తుంది. చెరువు మీద గాలి నిమిషానికొక తీరుగా ఉంటుంది. చుట్టూ ఎత్తయిన భవనాలు. వాటి సందుల్లోంచి గాలి ఉరికి వస్తుంది, మళ్ళీ పడిపోతుంది. ప్రతి ఉరుకుకూ గిలక జరుపుతూ కూర్చోవాలా? వద్దు. ఉరుకు వచ్చినప్పుడు మెయిన్ తాడు వదలండి. ఇద్దరూ బయటికి వాలండి. గిలక చోటు ఆ పూట గాలికి, ఆ పూట నీటికి. ఒక్కొక్క ఉరుకుకు కాదు.

ఇక్కడ మెయిన్ తెరచాప సంగతి కూడా ఒక మాట. జిబ్‌కూ మెయిన్‌కూ మధ్య సందు ఉంటుంది. ఆ సందులో గాలి ఒరుసుకుని వేగంగా పరుగెడుతుందని, అందువల్లే మెయిన్‌కు బలం వస్తుందని చాలాకాలం పుస్తకాల్లో రాసేవారు. ఆర్వెల్ జెంట్రీ అనే అమెరికన్ ఇంజినీరు ఉండేవారు. విమానాల రెక్కల మీద గాలి ఎలా పారుతుందో లెక్కకట్టడం ఆయన వృత్తి. పడవలు ఆయన సరదా. 1970లలో ఆయన ఆ లెక్కలను తెరచాపలకు వేసి, జరిగేది వేరని చూపించారు. రెండు తెరచాపలూ ఒకదాని గాలిని ఒకటి మారుస్తాయి. వెనకున్న మెయిన్ వల్ల జిబ్‌కు గాలి కాస్త అనుకూలంగా వంగి వస్తుంది. జిబ్ వల్ల మెయిన్ వీపు మీద, అంటే గాలికి అవతలి వైపున, గాలి వేగం తగ్గుతుంది. మొత్తం మీద లాభపడేది జిబ్.

ఇదంతా క్రూకు ఎందుకంటారా? ఇందుకు. జిబ్‌ను మరీ లోపలికి తెస్తే, దాన్ని దాటి వచ్చే గాలి మెయిన్ ముందు భాగాన్ని వీపువైపు నుంచి తోస్తుంది. మాస్టు పక్కన గుడ్డ ఉబ్బి ఊగుతుంది. అది కనిపిస్తే సందు ఇరుకైందని అర్థం. మధ్య గాలిలో అలా కనిపిస్తే జిబ్ తాడు ఒక అంగుళం వదిలి చూడండి. పోకపోతే గిలక బయటికి జరపండి. బలమైన గాలిలో మాత్రం అది కొంత ఉంటూనే ఉంటుంది. కంగారు పడక్కర్లేదు.

ఇప్పుడు కొలత. ఈ పని ఒడ్డు మీద, పడవ తోపుడు బండి మీద ఉండగానే చెయ్యండి. ఒక టేపు చాలు. ఎడమ గిలక నుంచి కుడి గిలక దాకా పడవకు అడ్డంగా కొలవండి. 70 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. అందులో సగం 35. ఇప్పుడు జిబ్ ముందు మూల నుంచి, ఆ అడ్డు టేపు నడిమధ్య దాకా పొడుగ్గా కొలవండి. 2 మీటర్లు, అంటే 200 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. 35ను 200తో భాగించండి. వచ్చినదాన్ని 57తో హెచ్చవేయండి. దగ్గరదగ్గరగా 10 వస్తుంది. మీ కోణం 10 డిగ్రీలు. ఇంకోసారి చెబుతాను. అడ్డం కొలతలో సగం. దాన్ని పొడుగుతో భాగించాలి. 57తో హెచ్చవేయాలి.

ఇంకో సులువు కూడా ఉంది. పొడుగులో ప్రతి మీటరుకూ, ఒక్క డిగ్రీ అంటే సుమారు పావుతక్కువ రెండు సెంటీమీటర్లు. పొడుగు 2 మీటర్లుంటే డిగ్రీకి మూడున్నర సెంటీమీటర్లు. అంటే 8 డిగ్రీలు కావాలంటే గిలక నడిమి గీతకు 28 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. 10కి 35. 12కి 42. వాటి దగ్గర రంగు టేపు ముక్కలు అంటించండి. గిలక చోటు తెరచాప మూల చోటుతో అచ్చంగా ఒకటి కాదు. కానీ ఎప్పుడూ ఒకే పద్ధతిలో కొలిస్తే పోల్చుకోవడానికి ఇబ్బంది లేదు.

టేపు అంటించేటప్పుడు రెండు పక్కలా కొలవడం మరిచిపోకండి. ఎడమ గిలక నడిమి గీతకు 33లో, కుడి గిలక 37లో ఉండటం పాత పడవల్లో కొత్తేమీ కాదు. అడ్డం కొలత 70 సరిగ్గానే వస్తుంది. కానీ పడవ ఒక పక్కకు బాగా ఎక్కుతుంది, రెండో పక్కకు ఎక్కదు. చెరువు గాలి ఎప్పుడూ తిరుగుతూ ఉంటుంది కాబట్టి నేరం గాలి మీదికి పోతుంది. తప్పు గిలకలో ఉంటుంది.

కొన్ని పడవల్లో గిలకను పక్కకు జరపడానికి పట్టా ఉంటుంది. కొన్నింటిలో ఉండదు. ఉండనివాటికి బార్బర్ హాలర్ అనే ఏర్పాటు ఉంది. అమెరికాలో శాన్ డియేగోకు చెందిన బార్బర్ సోదరులు, కవలలు, 1960లలో తమ లైట్నింగ్ పడవ కోసం దీన్ని తయారు చేశారని చెబుతారు. పేరు పెద్దదే కానీ పని చిన్నది. ఒక చిన్న తాడు, దాని కొసకు ఒక రింగు. జిబ్ తాడు ఆ రింగులోంచి పోతుంది. చిన్న తాడు లాగితే జిబ్ తాడు లోపలికో బయటికో వంగుతుంది. కొక్కెం చోటు మారింది, మేకు కొట్టకుండానే. అయితే పోటీకి దిగేముందు మీ తరగతి నిబంధనలు చదువుకోండి. కొన్ని తరగతుల్లో దీన్ని ఒప్పుకోరు.

లోపలికి లాగినప్పుడు ఒక జాగ్రత్త. జిబ్ తాడు దానంతటదే ఇంకొంచెం బిగుసుకుంటుంది. వెనక అంచు మూసుకుపోతుంది. కాబట్టి లోపలికి లాగిన వెంటనే జిబ్ తాడు కాస్త వదలండి. చిన్న తాడు లోపలికి, పెద్ద తాడు కొంచెం బయటికి. రెండూ కలిసే జరగాలి.

సరిగ్గా పెట్టామో లేదో చెప్పేవి ఉన్ని పోగులు. జిబ్ ముందు అంచుకు దగ్గరగా, పైన ఒకటి, మధ్యలో ఒకటి, కింద ఒకటి, రెండు వైపులా అంటిస్తారు. గాలి చక్కగా పారితే రెండు వైపులా పోగులు వెనక్కి నిటారుగా ఉంటాయి. మనవైపు పోగు పైకి లేచి గిలగిలలాడితే ముక్కు గాలికి మరీ దగ్గరైంది. లేదా తాడు వదులైంది. అవతలి వైపు పోగు వేలాడితే తాడు మరీ బిగుసుకుంది. లేదా ముక్కు గాలికి దూరమైంది. పైపోగు ముందుగా లేచి, కిందిది నిలకడగా ఉంటే గిలక మరీ వెనక ఉందన్నమాట. ముందుకు జరపండి. కిందిది ముందుగా లేస్తే వెనక్కి జరపండి. ముందువెనకలు ముందు సరిచేసుకోండి. ఆ తర్వాతే లోపలా బయటా. పక్కకు జరిపిన ప్రతిసారీ పోగులు మళ్ళీ చూడండి.

మీ చోటు మీరే కనుక్కోవాలంటే ఒకే తరగతి పడవలు రెండు కావాలి. పక్కపక్కనే, నాలుగైదు పడవల ఎడంతో, ఒకే దిక్కుకు నడపండి. ఒక పడవలో ఏమీ మార్చకండి. రెండోదాంట్లో ఒక్కటే మార్చండి. గిలక ఒక డిగ్రీ లోపలికి. తేడా చూడండి. తర్వాత రెండు పడవలూ చోట్లు మార్చుకుని మళ్ళీ నడపండి. ఒక్కసారి గాలి తిరిగి మీరు ముందుకు పోతే అది గిలక గొప్ప కాదు. పలుమార్లు నడిపి, ఎక్కువసార్లు ఎటు తూగిందో చూడండి. రాసిపెట్టుకోండి. తేదీ, గాలి, నీరు, గిలక ఏ టేపు ముక్క దగ్గర ఉంది. అంతే చాలు.

చివరగా ఒకటి. ఇంతవరకూ ఎదురుగాలి సంగతే చెప్పాను. పోటీ దారిలో మలుపు గుర్తు తిరిగి, గాలి పక్క నుంచి వచ్చేలా పడవ మళ్ళింది. ఇప్పుడు జిబ్ తాడు బాగా వదులుతారు. గిలక లోపలే ఉంటే పైభాగం తెరుచుకుని గాలి వదిలేస్తుంది. కిందిభాగం ముడుచుకుని ఉంటుంది. అప్పుడు గిలకను బయటికీ, ముందుకూ జరపాలి. చిన్న పడవల్లో జరపడానికి వీలు లేకపోతే క్రూ చేత్తోనే జిబ్ తాడును పడవ అంచు వైపుకు నొక్కి పట్టుకుంటారు. అదీ పనిచేస్తుంది. మళ్ళీ ఎదురుగాలికి తిరగాల్సిన గుర్తు ఇంకా కొన్ని పడవల దూరంలో ఉండగానే గిలకను పాత చోటుకు తెచ్చేయండి. గుర్తు దగ్గర మిగతా పడవలన్నీ మూగుతాయి. ఆ తొక్కిసలాటలో దాని మీద చెయ్యి వేసే తీరిక మీకు దొరకదు.